తొక్కడం ఆపితే సైకిల్ ఎందుకు గోల చేస్తాది?

ప్రశ్న: అన్నా, మా పిల్లోనికి గేర్ సైకిల్ కొనిచ్చినాం. తొక్కేటప్పుడు ఏం సౌండ్ రాదు, తొక్కడం ఆపి అట్లే వదిలేస్తే మాత్రం వెనక చక్రంలో టకటకటక ఒకటే గోల. మా పాత 22 ఇంచుల బండికి ఇంత లేదు. షాపాయన గ్రీజు దండిగా కూరితే పోతాది అంటాడు, పక్కింటాయనేమో సౌండొస్తేనే కాస్ట్లీ హబ్ అంటాడు. ఎవరి మాట నమ్మాల?
– ఒక పాఠకుడు, ఎర్రముక్కపల్లి, కడప

జవాబు: ఇద్దరి మాటా వద్దులే అన్నా. బండి బాగానే ఉంది.

వెనక హబ్ (చక్రం నడిమధ్యన ఉండే గుండ్రటి భాగం) లోపల ఒకవైపు స్ప్రింగు మీద లేచుండే చిన్న ఇనుప నాలుకలు ఉంటాయి, ఇంకోవైపు చుట్టూ పళ్లున్న రింగు ఉంటాది. తొక్కితే నాలుక పోయి పంటికి గట్టిగా తగులుకుంటాది, చక్రం తిరుగుతాది, అప్పుడు సౌండ్ ఉండదు. తొక్కడం ఆపితే చెయిను నిలబడిపోతాది గానీ చక్రం పోతానే ఉంటాది కదా, అప్పుడు నాలుకలు ఒక్కో పన్ను ఎక్కి దిగుతా స్ప్రింగు తోస్తే టక్కుమని పడతా ఉంటాయి, మీరు వినేది అదే. పెడల్ వెనక్కి తిప్పినా అదే సౌండు.

లెక్కేసి చూడండి. 26 ఇంచుల చక్రం ఒక చుట్టుకు సుమారు 2 మీటర్లు పోతాది. గువ్వలచెరువు ఘాట్‌లో 30 కిలోమీటర్ల స్పీడుతో దిగుతా ఉంటే సెకనుకు 4 చుట్లు, రింగుకు 36 పళ్లుంటే సెకనుకు 140 పైనే దెబ్బలు, ఇంక విడివిడిగా టక్ టక్ అని ఏం వినపడతాది, జుయ్య్ మని ఒకటే మోత!

పాత బండి ఫ్రీవీల్‌లో (చెయిను తగులుకునే వెనక పళ్లచక్రం) కూడా ఇదే కథ, కాకపోతే మామూలుగా రెండే నాలుకలు, స్ప్రింగు సన్నం, అందుకే మెల్లగా కిటకిటమంటాది. కొత్తవాటిల్లో పళ్లు ఎక్కువ పెడతారు ఎందుకంటే పెడల్ వేసిన వెంటనే పట్టుకోవాల. 18 పళ్లయితే ఒక్కోసారి 20 డిగ్రీల దాకా ఉత్తగా తిరిగినాక పట్టుకుంటాది, 36 అయితే 10 డిగ్రీలే. గుట్టల్లో రాళ్ల మీద తొక్కేవాళ్లకు ఇది కావాల, ఏడురోడ్ల కాడికి ట్యూషన్‌కు పోయే పిల్లోనికి ఏం తేడా తెలుస్తాది చెప్పండి. స్ప్రింగు గట్టిదైనా, హబ్ డొల్లగా పెద్దగా ఉన్నా, గ్రీజు తక్కువున్నా మోత పెరుగుతాది. అంటే సౌండుకూ రేటుకూ సంబంధం లేదు. నాలుకలు లేకుండా లోపల క్లచ్ పెట్టి అసలు సౌండే రాకుండా చేసిన ఖరీదు హబ్‌లు కూడా ఉన్నాయి, అమెరికాలో ఒనిక్స్ వాళ్లవి అట్లాంటివే.

గ్రీజు సంగతి మాత్రం జాగ్రత్త. చిక్కటిది కూరితే సౌండ్ తగ్గే మాట నిజమే, కానీ నాలుక దాంట్లో అతుక్కుని లేవదు, పిల్లోడు మిట్ట ఎక్కుతా లేచి నిలబడి బలంగా తొక్కినప్పుడు పెడల్ సర్రున జారిపోయిందంటే మోకాలో గడ్డమో హ్యాండిల్‌కు తగులుతాది. ఆ హబ్‌కు చెప్పిన పలచటి గ్రీజే, అదీ సన్నగా పూయించండి. తుప్పు వదిలించే స్ప్రే లోపలికి కొట్టనీయొద్దు, ఉన్న గ్రీజు కూడా కడుక్కుపోతాది.

తొక్కేటప్పుడు కూడా సౌండొచ్చినా, గరగరమని రాయి నలిగినట్టు వచ్చినా, పెడల్ అప్పుడప్పుడు పట్టకుండా ఉత్తగా తిరిగినా అప్పుడు హబ్ విప్పించి చూపించండి. ఇప్పుడైతే చెయ్యి పెట్టే పన్లేదు.