పెన్‌డ్రైవ్ లినక్సు నుంచి విండోస్‌కి ఫైళ్లు: అల్లుడికో ఉత్తరం

అల్లుడూ,

విశాఖలో మద్దిలపాలెం పీజీ హాస్టల్లో పెన్‌డ్రైవ్‌లోంచి నడిచే లినక్సు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టం) మీద చేసిన పనిని గాజువాక ఇంట్లో విండోస్ డెస్క్‌టాప్‌లోకి ఎలా తేవాలని అడిగావు. ముందు ఒకటి గట్టిగా పట్టుకో: కంప్యూటర్‌ని లేపే, అంటే బూటయ్యే పెన్‌డ్రైవ్ వేరు, ఫైళ్లు మోసే పెన్‌డ్రైవ్ వేరు. రెండు పనులూ ఒకదానికే అప్పజెబితే తిప్పలు తప్పవు. పర్సిస్టెన్స్ (పనిని పెన్‌డ్రైవ్‌లోనే దాచి ఉంచే ఏర్పాటు) పెట్టని లైవ్ సిస్టంలో, అంటే ఇలా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్సులో, డెస్క్‌టాప్ మీద దాచిందంతా ర్యామ్‌లోనే ఉంటుంది, ఆపగానే గల్లంతు. పర్సిస్టెన్స్ పెట్టినా ఆ భాగం సాధారణంగా ఈఎక్స్‌టీ4 అనే లినక్సు ఫార్మాట్‌లో ఉంటుంది, విండోస్‌కి అంతుపట్టదు. ఆ పెన్‌డ్రైవ్ గుచ్చగానే ఫార్మాట్ చేయమంటావా అని విండోస్ అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టు. అక్కడ సరే అన్నావంటే నీ పనంతా పోయినట్టే.

రెండో పెన్‌డ్రైవ్‌ని విండోస్‌లోనే ఎక్స్‌ఫ్యాట్‌గా (విండోస్, లినక్సు రెండూ చదవగల ఫార్మాట్) ఫార్మాట్ చేసుకో. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ వద్దు. ఖాళీ ఎంతున్నా 4 జీబీ మించిన ఒక్క ఫైలు కూడా అందులో పట్టదు. లినక్సు రకాల్లో ఒకటైన ఉబుంటు 22.04, ఆ తర్వాతి వాటిలో ఎక్స్‌ఫ్యాట్‌కి అదనంగా ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ (రాస్తున్న మార్పుల చిట్టా) లేదు, అదే దాని బలహీనత. రాస్తుండగా లాగేసినా, కరెంటు పోయినా ఫోల్డరే చెడొచ్చు. లినక్సులో కాపీ గీత నిండిపోయిందంటే పని అయిపోయిందని కాదు, డేటా ఇంకా ర్యామ్‌లో క్యూ కట్టి ఉండొచ్చు. సెకనుకి 8 ఎంబీ రాసే డ్రైవ్‌లో 3 జీబీ పడాలంటే ఆరు నిమిషాలు దాటుతుంది, గీత మాత్రం నిమిషంలోపే నిండిపోవచ్చు. టెర్మినల్‌లో సింక్ (sync) కమాండ్ ఇచ్చి ప్రాంప్ట్ తిరిగొచ్చేదాకా ఆగు, ఆపైన ఎజెక్ట్ చెయ్యి. మన సముద్రపు గాలికి కాంటాక్టులు నల్లబడి కూడా కాపీ మధ్యలో తెగుతుంది. మూత పెట్టి ఉంచు.

లినక్సులోంచి నేరుగా విండోస్ డిస్క్‌ తెరుద్దామనుకుంటే విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ అడ్డొస్తుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్‌ని, అంటే తన గుండెకాయ లాంటి భాగాన్ని, డిస్కులో నిద్రపుచ్చి ఉంచుతుంది. అందుకే లినక్సు ఆ డిస్కుని చదవడానికే ఇస్తుంది, లేదా అసలు తెరవదు. దాన్ని బలవంతంగా మౌంట్ చేయమని (తెరవమని) ఎవరు చెప్పినా వినకు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టు, లేదా రీస్టార్ట్ ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోంచి బూట్ చెయ్యి. డిస్కుకి బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ దగ్గర పెట్టుకున్నాకే బయోస్ (కంప్యూటర్ ఎలా లేవాలో చెప్పే) సెట్టింగుల జోలికి వెళ్లు.

పేర్ల దగ్గరా జాగ్రత్త. కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తులు లినక్సులో చెల్లుతాయి, విండోస్‌లో చెల్లవు. తెలుగు పేర్లది ఇంకో గొడవ. లినక్సులో ఫైలు పేరుకి సాధారణంగా 255 బైట్లే హద్దు, తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తింటుంది. గుణింతాలు, ఒత్తులు కూడా లెక్కలోకొస్తాయి కాబట్టి 85 గుర్తులకే కోటా అయిపోతుంది. విండోస్‌లో హాయిగా ఉన్న ఫైలు లినక్సుకొచ్చేసరికి పేరు మరీ పొడవుందని మొరాయిస్తుంది. పేరు కుదించు, లేదా ఇంగ్లిష్‌లో పెట్టు.

రెండు మెషీన్లూ ఒకేచోట ఉంటే పెన్‌డ్రైవ్‌తో పనే లేదు. విండోస్‌లో నెట్‌వర్క్‌ని ప్రైవేట్ చేసి ఫోల్డర్ షేర్ చెయ్యి. లినక్సులో ఫైల్స్ అనే యాప్ తెరిచి కంట్రోల్, ఎల్ కలిపి నొక్కి, ఎస్ఎంబీ (smb) అని రాసి, కోలన్, రెండు స్లాష్‌లు పెట్టి, విండోస్ ఐపీ అడ్రస్ ఇవ్వు. అడిగేది పిన్ కాదు, అకౌంట్ పాస్‌వర్డ్. పీజీ వైఫైలో ఒక మెషీన్‌కి ఇంకోటి కనబడకుండా కట్టేసి ఉండొచ్చు. అప్పుడు రెండింటినీ నీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలుపు, ఫైళ్లు వాటి మధ్యే తిరుగుతాయి కాబట్టి వాటికి మొబైల్ డేటా ఖర్చవదు.

లినక్సు వాడి విండోస్‌కి తిరిగొస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తే గాభరా పడకు. లినక్సు మెషీన్ గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంచుతుంది, విండోస్ దాన్ని మన టైమే అనుకుంటుంది. డేట్ అండ్ టైమ్ సెట్టింగుల్లో సింక్ నౌ కొట్టు. ఆ తర్వాతే పాత ఫైళ్ల మీద కొత్తవి రాయి, లేకపోతే ఏది కొత్తదో టైము చూసి తేల్చలేవు.

మీ మావయ్య