ఈ చలికాలం జత కట్టించకు

చిరంజీవి అల్లుడికి మీ మామయ్య ఆశీస్సులు. ఇక్కడ మిర్యాలగూడలో అందరం క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మొన్న తనే నడిచి గుడికి వెళ్లి వచ్చింది.

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. ఎంత చక్కని పాములు! ఎరుపు మీద నల్లటి అంచు, ఆ అంచుల నడుమ నారింజ పట్టీ, మెడ నుంచి తోక దాకా ఒక్క పట్టీ చెదరలేదు. విషం లేని ఈ హోండురన్ మిల్క్ స్నేక్‌లలో నారింజ రకం కోసమే నేను అమెరికాలో, ఒహాయోలో ఉన్నప్పుడు మూడేళ్లు ఎదురుచూశాను. అయితే చూస్తుండగానే ఒక సంగతి గుండెల్లో గుచ్చుకుంది. రెండు పాములూ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఈ ఉత్తరం చదవడం ఆపి, ముందు వెళ్లి వాటిని వేరు చెయ్యి. ఇవి కింగ్ స్నేక్‌ల కుటుంబానివి. అడవిలో ఎలుకలను, బల్లులను తిన్నట్టే తోటి పాములనూ మింగుతాయి. ఏడాదిపాటు చుట్టలు చుట్టుకుని పక్కపక్కనే పడుకున్న జతలో ఒక ఉదయం ఒకటే మిగలడం ఈ జాతిలో కొత్త కాదు. పెట్టెకు ఒక్కటే. వేరు చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది నీ ప్రశ్నకు జవాబులోనే వస్తుంది.

రాబోయే చలికాలం పాములను కొన్ని నెలలు చలిలో ఉంచి వసంతంలో జత కట్టించవచ్చా అని అడిగావు. వద్దు. ఆడపాముకు పద్దెనిమిది నెలలని, 210 గ్రాములు తూగిందని నువ్వే రాశావు. హోండురన్ ఆడపాముకు మూడేళ్లు నిండాలి, 300 గ్రాములు దాటాలి. నా లెక్కలో ఈ రెండూ కావాలి, ఒకటి ఉంటే చాలదు. మగపాముకు ఈ బాధ లేదు, అది ముందే సిద్ధపడుతుంది. ఒకే పెట్టెలో ఉంచితే నీ అనుమతి కోసం ఆగదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు నేను చేశాను. నా మొదటి ఆడపాము రెండేళ్లది. బక్కగా ఉన్నా చలాకీగా ఉందని సర్దిచెప్పుకుని జత కట్టించాను. జూన్‌లో తడి నాచు పెట్టెలోకి చేరి రాత్రంతా ఐదు గుడ్లు పెట్టింది. ఆరోది రాలేదు. తోకకు జానెడు పైన ఒంటి పక్కన ఉబ్బు. వేలితో మెల్లగా తాకితే గట్టిగా, చిన్న నిమ్మకాయలా తగిలింది. పాము ఆ చోటును పెట్టె గోడకు ఒత్తుకుంటూ, నాచు అంతా చిందరవందర చేస్తూ తిరిగింది. పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాను. మూడో రోజు పోయింది. ఆ ఐదు గుడ్లలో నాలుగు పిల్లలయ్యాయి, కానీ వాటిని చూసినప్పుడల్లా నాకు తల్లే గుర్తుకొచ్చేది. ఒక్క ఏడాది ఆగి ఉంటే అది పదిహేనేళ్లు బతికేది. మంచి చేతుల్లో ఇవి ఇరవై ఏళ్లు కూడా బతుకుతాయి.

కాబట్టి ఈ ఏడాది ఆడపామును పెంచు. తొందరపడి కొవ్వు పట్టించకు, ఒళ్లు గట్టిపడేలా పెంచు. వారానికో ఎలుక చాలు. ఎలుక లావు పాము నడుము లావును మించకూడదు. గడ్డకట్టిన ఎలుకను ముందురోజు ఫ్రిజ్ కింది అరలో పెట్టి, మరునాడు వేడినీటిలో ముంచి, గోరువెచ్చగా అయ్యాక పటకారుతో అందించు. బతికున్న ఎలుకను వేయవద్దు, మూలకు చిక్కిన ఎలుక పామును కొరికి చంపగలదు. తిన్నాక రెండు రోజులు చేత్తో ముట్టుకోకు. కళ్లు పాలనీలంగా మసకబారితే కుబుసం విడవబోతోందని అర్థం. అప్పుడు తినకపోయినా కంగారు పడకు, తడి నాచు నింపిన డబ్బా ఒకటి లోపల పెట్టు. కుబుసం ముక్కలుగా ఊడితే గాలిలో తేమ తక్కువైందన్నమాట. తోక కొసన, కళ్ల మీద పాత పొర మిగిలిందేమో చూడు.

పెట్టెలో ఒక కొస 85 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండో కొస 75. పెట్టెను వెచ్చబరిచే హీట్ మ్యాట్‌ను, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా ఒక్క గంట కూడా వాడకు, పొట్ట కాలిపోతుంది. రెండు కొసల్లోనూ దాక్కునే గూడు ఉండాలి. లేకపోతే భయం వల్ల చల్లటి మూలనే ఉండిపోయి, తిన్నది అరగక కక్కుతుంది. దేవదారు పొట్టు వేయకు, అందులోని నూనెలు పాములకు విషం. ఆస్పెన్ చెక్క పొట్టు మేలు. మూతకు గొళ్లెం ఉండాలి. చిటికెనవేలు దూరే సందు కనిపిస్తే మిల్క్ స్నేక్ అది తన ఇంటి తలుపన్నట్టు బయటికి పోతుంది. పామును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో. సాల్మొనెల్లా క్రిమి పాముకు హాని చేయకుండానే నీ ఇంటి పసిపాపకు చేరగలదు.

వచ్చే ఏడాది చలికాలానికి ఆడపాము సిద్ధమైందనుకుందాం. అప్పుడు అసలు పని తిండి ఆపడంతో మొదలవుతుంది. చివరి ఎలుక తిన్నాక రెండు మూడు వారాలు మామూలు వెచ్చదనంలోనే ఉంచి కడుపు పూర్తిగా ఖాళీ కానివ్వాలి. లోపల మెతుకంత మిగిలినా చలిలో అరగదు, కుళ్లుతుంది, పాము చస్తుంది. తర్వాత మెల్లమెల్లగా వేడి తగ్గిస్తూ 55, 60 డిగ్రీల మధ్యకు దించి, చీకట్లో రెండు మూడు నెలలు ఉంచాలి. నాకు ఒహాయోలో ఇంటి కింది గది చాలేది. డల్లాస్‌లో నీ గ్యారేజీని నమ్మకు, అక్కడ జనవరిలో కూడా ఒకరోజు గడ్డకట్టించి మరునాడు చెమట పట్టిస్తుంది. వైన్ సీసాల కోసం అమ్మే చిన్న ఫ్రిజ్ కొనుక్కో. రెండు రోజులకోసారి తలుపు తెరిచి గాలి మార్చు, నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

మార్చిలో వెచ్చబరిచాక ఆడపాముకు బాగా తిండి పెట్టు. అది మొదటి కుబుసం విడిచాక మగపాము పెట్టెలోకి వదులు, కానీ ముందు రెండింటికీ కడుపు నిండి ఉండాలి, నువ్వు అక్కడే కూర్చుని ఉండాలి. జత కట్టాక విడదీసి, మూడు నాలుగు రోజులకు మళ్లీ కలుపు. నెల, నెలన్నరలో గుడ్లు. వాటికి ముందు ఇంకోసారి కుబుసం విడుస్తుంది, ఆ రోజు నుంచి సుమారు పది రోజులు లెక్కపెట్టు. గుడ్లు కోడిగుడ్లలా పెళుసుగా ఉండవు, తోలులా మెత్తగా ఉండి ఒకదానికొకటి అంటుకుంటాయి. విడదీయవద్దు, తిప్పవద్దు. పైభాగాన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి, అదే వైపు పైకి ఉండేలా తడి వర్మిక్యులైట్‌లో, అంటే తేమను పట్టి ఉంచే ఖనిజపు పలుకుల్లో, సగం దాకా కప్పు. వర్మిక్యులైట్ పిడికిట్లో పిండితే నీరు కారకూడదు. 80 డిగ్రీల దగ్గర సుమారు రెండు నెలలు.

పిల్ల ముక్కు కొసనున్న చిన్న పంటితో తోలు చీల్చి తల బయటపెట్టి, అలాగే ఒకటి రెండు రోజులు ఉండిపోతుంది. లోపల మిగిలిన సొనను పీల్చుకుంటుంది. అప్పుడు సాయం చేద్దామని లాగితే చంపినట్టే. ఒక్కో పిల్లను ఒక్కో డబ్బాలో వేరుగా పెట్టు. వారం పది రోజుల్లో మొదటి కుబుసం విడిచాక వెంట్రుకలు రాని ఎలుకపిల్లను ఇవ్వు. కొన్ని తినవు. పుట్టుకతో వాటికి బల్లి వాసనే తిండి. ఎలుకపిల్లను బల్లి ఒంటికి రుద్ది ఇస్తే తింటాయి. నా దగ్గర ఒక పిల్ల ఏడు వారాలు మొండికేసింది. చివరికి సాయంత్రం ఒక మడిచిన కాగితం చాటున ఎలుకపిల్లను పెట్టి, దీపం ఆర్పి, మర్నాటి దాకా ఆ గదిలోకి పోలేదు. పొద్దున కాగితం ఉంది, ఎలుకపిల్ల లేదు. ఆ రోజు నేను ఆఫీసులో పనిచేసినట్టే గుర్తులేదు, అంత సంతోషం.

గుడ్లు పదో పన్నెండో రావచ్చు. వాటికి ఇల్లెక్కడ? జత కలపకముందే ఆ పేర్లు కాగితం మీద రాసుకో. తీసుకునేవారు దొరకలేదని పొదలో వదిలేయడం మహాపాపం. స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనేరియా దీవిలో ఇళ్ల నుంచి బయటపడిన కాలిఫోర్నియా కింగ్ స్నేక్‌లు అక్కడి పెద్ద బల్లులను ఊడ్చిపెట్టేస్తున్నాయి. ఆ దీవి బల్లులకు పాము అంటే ఏమిటో తెలియదు పాపం, పారిపోవడం రాదు. అమెరికాలోనూ రాష్ట్రానికో చట్టం. హవాయిలో పాము పెంచడమే నేరం, జార్జియాలో అక్కడి విషం లేని అడవి పాములను ఇంట్లో ఉంచుకోకూడదు.

అందుకే సంక్రాంతికి వస్తూ ఒక జత తెస్తానన్న మాట మరిచిపో. లైసెన్సులు, క్వారంటైన్ అనుమతులు లేకుండా బతికున్న పామును సూట్‌కేసులో తేవడం దొంగరవాణా. మన జెర్రిపోతునో కట్లపామునో పట్టి పెంచుదామన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది. పైగా మే నెలలో నల్లగొండ జిల్లా ఎండ నీకు తెలుసు, నీ పాముల ప్రాణం పోవడానికి కరెంటు పోయిన ఒక్క మధ్యాహ్నం చాలు.

ఇక్కడి పాములను ఇక్కడే చూద్దువుగాని రా. మన రైస్ మిల్లు వెనుక ఊక కుప్పల దగ్గర ఆరడుగుల జెర్రిపోతు ఒకటి తిరుగుతోంది. కొత్తగా చేరిన హమాలీ కర్ర తీశాడు. అది ఆవు కాళ్లకు చుట్టుకుని పాలు తాగుతుందట. వద్దని ఆపి, నీ పాముల కథ చెప్పాను. అక్కడి రైతులు కూడా కొట్టాల్లో చారల పామును చూసి ఆవుల పాలకోసమే వచ్చిందనుకున్నారు, మిల్క్ స్నేక్ అన్న పేరు అలా వచ్చిందే. అది వచ్చింది ఎలుకల కోసం. పాము నోటికి పాలు పీల్చే నేర్పు లేదు. హమాలీ కర్ర కింద పెట్టాడు. మీ అమ్మ మాత్రం ఇప్పటికీ "వాడు వాటికి రోజూ పాలు పోస్తున్నాడా" అని అడుగుతూనే ఉంది. నాగుల చవితికి పుట్ట దగ్గర దండం పెట్టుకుంటూ నీ పాముల పేరు కూడా తలుచుకుందట.

నోటుపుస్తకం ఒకటి కొని, తేదీ, తిండి, బరువు, కుబుసం నాలుగు గడులు గీసుకో. ఆదివారం ఆడపామును తూచి ఆ అంకె నాకు రాయి, మగపాముది తర్వాత చూద్దాం.

మీ మామయ్య