పాతపేటకు నిధులొస్తే మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న – మా జవాబు

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప పాతపేటల నుంచి ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: మాది కర్నూలు పాతబస్తీ. 2009 వరద తర్వాత ఒక్కొక్కరే కొత్త కాలనీలకు వెళ్లిపోయారు, రాతి మిద్దెలకు తాళాలు పడ్డాయి. చారిత్రక ప్రాంతమని చెప్పి గ్రాంటు తెచ్చుకోవచ్చా? ఎవరిని అడగాలి?
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: 'చారిత్రక ప్రాంతం' అని అర్జీ మొదలుపెడితే అది పురావస్తు శాఖకూ, అక్కణ్నుంచి పర్యాటక శాఖకూ తిరిగి చివరికి కార్పొరేషన్ బల్లమీదికే వస్తుంది. వారసత్వ నగరాల కోసం కేంద్రం 2015లో పెట్టిన హృదయ్ పథకంలో దేశమంతటికీ 12 ఊళ్లే, మన రాష్ట్రం నుంచి అమరావతి ఒక్కటే. అది కూడా 2019 మార్చితో ముగిసిపోయింది. గండికోటకు 2024లో మంజూరైన 77.91 కోట్లు చూసి మాకూ వస్తాయేమోనని అడుగుతున్నారు. అది పర్యాటక కేంద్రం కోసం రాష్ట్రానికి కేంద్రం 50 ఏళ్ల గడువుతో వడ్డీ లేకుండా ఇచ్చే అప్పు. పేటలోని సందుకు అందులోంచి పైసా రాదు.

మీకు అందే డబ్బు మామూలు పద్దుల్లోనే ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం (2021–26) పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకిచ్చిన గ్రాంటునే చూడండి. అందులో 30 శాతం తాగునీరు, వాననీటి నిల్వలకు, 30 శాతం పారిశుద్ధ్యానికి కట్టేసి ఇచ్చారు. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వదిలారు, జీతాలకు మాత్రం పనికిరాదన్నారు. కాబట్టి మీ అర్జీలో 'వీధి అభివృద్ధి' అని ఒకే ముద్ద రాయకండి. మురుగు కాలువ పారిశుద్ధ్యం పద్దుకు, పైపులైను తాగునీటి పద్దుకు, బండల పరుపూ దీపాలూ మిగతా పద్దుకు పోయేలా మూడు పనులుగా విడగొట్టండి. ప్రస్తుతం నడుస్తున్నది ఏ కాలపు గ్రాంటో, ఏ పద్దులో ఎంత మిగిలుందో కార్పొరేషన్ అకౌంట్స్ విభాగంలో ముందే అడిగి రాసుకోండి.

అర్జీకి ముందు ఒక ఆదివారం నోట్‌బుక్, టేపు పట్టుకుని సందంతా నడవండి. ప్రతి ఇంటికీ డోర్ నంబరు, ఉంటున్నారా తాళమా, కుళాయి ఉందా, వాన నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, గడప రోడ్డుకన్నా ఎంత ఎత్తులో ఉంది అన్నవి రాయండి. ఈ ఒక్క పట్టిక ఉంటే వార్డు సచివాలయంలోని సౌకర్యాల కార్యదర్శికీ, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)కీ అంచనా వేయడం సులువు. లేకపోతే పక్క వార్డు అంచనానే పేరు మార్చి పెడతారు. అంచనా తయారయ్యాక పాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, తర్వాత టెండరు. ఎక్కడైనా ఆగిందనిపిస్తే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు దాచుకోండి.

పనుల వరుస తప్పితే డబ్బంతా మట్టే. ముందు నేల కింది పైపులు, తర్వాత కాలువ, ఆ తర్వాత బండలు, అన్నిటికన్నా చివర రంగులు. చాలాచోట్ల తిరగేసి చేస్తారు. ప్రారంభోత్సవం ఫొటోకు రంగు గోడలు బాగుంటాయి కదా! ఆర్నెల్లకు పైపులైను కాంట్రాక్టరు వచ్చి బండలు పెకలిస్తాడు, అతుకులు మళ్లీ ఎవరూ వేయరు. ఇంకోటి, పాత విడత డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రం పంపకపోతే తర్వాతి విడత రాదు. కాలువ సగంలో ఆగిన చోట చాలాసార్లు కారణం ఇదే.

ప్రశ్న: మా సందులో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ ఇల్లు కిందికి పోతోంది. వాన పడితే నీళ్లు నట్టింట్లోకే.
– ఓ పాఠకురాలు, అనంతపురం పాతవూరు

జవాబు: మీ ఇల్లు కుంగలేదమ్మా, రోడ్డే పెరిగింది. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే ఒక్కో పొర ఐదారంగుళాల చొప్పున పోస్తే, మూడు పొరలకే అడుగున్నర దాకా లేస్తుంది. అరుగు మెట్లు మునిగి గడప దాకా వచ్చేస్తుంది. అంచనాలోనే 'పాత కాంక్రీటు తవ్వి తొలగించడం' అనే ఐటం ఉందా అని అడగండి. లేకపోతే టెండరు పిలవకముందే చేర్పించండి, పని మొదలయ్యాక చేర్చడం కష్టం. సందులో అన్నిటికన్నా కిందున్న గడపను గుర్తుపెట్టి, కొత్త రోడ్డు మట్టం దానికి కనీసం ఆరంగుళాలు కిందుండాలని పట్టుబట్టండి. పోసేరోజు ఆ మట్టాన్ని గోడమీద సున్నపు గీతతో వేయించండి. కాగితం మీది మట్టం పనివాళ్లకు కనిపించదు, గీత కనిపిస్తుంది. మొదటి వానలోనే వాలు కాలువ వైపు ఉందో లేదో తేలిపోతుంది, బిల్లు అయ్యేలోపు ఒక బిందె నీళ్లు పోసి చూస్తే ఇంకా ముందే తెలుస్తుంది.

ప్రశ్న: మట్టిమిద్దె కారుతోంది. పైన సిమెంటు పూస్తే సరిపోతుందా? గోడలకు కూడా సిమెంటు చేయించమంటున్నాడు మేస్త్రీ.
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: రెండూ వద్దు. మిద్దెమీద ఏటా చౌడు (ఉప్పుమట్టి) తెచ్చి పోస్తారు, పాతది తీయరు. తరాలు గడిచేసరికి అడుగు మందం అవుతుంది. పదడుగుల చదరం గదిమీద అడుగు మందమంటే 100 ఘనపుటడుగుల మట్టి, సుమారు నాలుగున్నర, ఐదు టన్నులు. తడిస్తే ఇంకా ఎక్కువ. ఆ బరువంతా మోసేది దూలాలు, వాటిమీద అడ్డంగా పరిచిన దంతెలు. సిమెంటు పూత ఎండకు పగిలి, పగులులోంచి దిగిన నీరు పైకి ఆరలేక దూలం గోడలో దిగే కొన దగ్గర చేరి పుచ్చుపట్టిస్తుంది. ముందు ఆ కొనల్ని పొడవాటి మేకుతో గుచ్చి చూడండి. పావంగుళం దాటి మెత్తగా దిగితే మట్టి సంగతి ఆపి దూలం సంగతి చూడాలి, అప్పటిదాకా కింద గుంజ పెట్టండి. కొనలు గట్టిగా ఉంటే పాత మట్టిని గది మొత్తం సమంగా పలచగా తీసి, వాలు సరిచేసి, కొత్త చౌడు మూడు నాలుగంగుళాలు మాత్రం వేసి దిమ్మిస కొట్టించండి. ఒకే మూల తీస్తూ పోతే బరువు ఒక పక్కకు వాలుతుంది.

గోడల సంగతి. రాతి, మట్టి గోడ నేలలోంచి పీల్చిన తేమను పైకి ఆరబెట్టుకుంటుంది. సిమెంటు ఆ దారి మూస్తుంది. తేమ ఇంకా పైకెక్కి ఉప్పు పేలి, రెండేళ్లలో పెచ్చులు రాతితో సహా ఊడతాయి. సిమెంటు పెచ్చు కొట్టించి, గోడను ఒక ఎండాకాలం ఆరనిచ్చి, అక్టోబరు–ఫిబ్రవరి మధ్య సున్నం పూయించండి. సున్నం కనీసం పదిహేను రోజులు నీళ్లలో నానాలి. ఒకపాలు నానిన సున్నానికి మూడుపాళ్లు కడిగిన ఇసుక కలిపి, పొర అరంగుళం దాటకుండా వేసి, వారం పది రోజులు తడి గోనెలు కప్పండి. మే ఎండలో చేస్తే గట్టిపడకముందే ఎండి రాలిపోతుంది. సున్నం పని తెలిసిన బేల్దారులు తగ్గిపోయారు, దొరికినవాళ్లకు ముందు ఒక గోడ చేయించి చూసి మిగతాది అప్పగించండి.

గ్రాంటు పనిలోనైతే ఇంకో సాకు వినిపిస్తుంది, ఎస్ఎస్ఆర్‌లో (ప్రభుత్వ పనుల రేట్ల పట్టికలో) సున్నం ఐటం లేదని. లేని ఐటంకు రేటు విశ్లేషణ రాసి ఆమోదం తీసుకోవడం ఇంజనీర్లకు తెలిసిన పనే, అడగాలంతే.

ప్రశ్న: మా సొంతింటి మరమ్మతుకు ఏమైనా ఇస్తారా? ఇంట్లో ఎనిమిదిమందికి హక్కుంది.
– కడప పాఠకుడు

జవాబు: పాత ఇల్లు నిలబెట్టడానికంటూ నేరుగా డబ్బులిచ్చే పథకమేదీ మీ దాకా రాలేదు. పీఎం ఆవాస్ పట్టణ 2.0లో దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని, ఏటా మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి కొత్త ఇంటికి సాయం ఉంది. అది పాతది కూల్చి కట్టే దారి, అదే మీ ఉద్దేశమైతేనే వెళ్లండి. అన్నిటికన్నా ముందు ఎనిమిదిమంది సంతకాలు. భాగ పరిష్కారమో, హక్కు విడుదల పత్రమో రిజిస్టరు కాకపోతే బ్యాంకూ ఇవ్వదు, కార్పొరేషనూ ప్లాను ఇవ్వదు. తాళాల ఇళ్లలో సగం కూలుతున్నది వానకు కాదు, ఈ సంతకాలకు.

ప్రశ్న: సిద్ధవటం కోట పక్కన ఇల్లు. గోడ కట్టుకుందామంటే వద్దంటున్నారు.
– ఓ పాఠకురాలు

జవాబు: సిద్ధవటం కోట కేంద్ర రక్షిత కట్టడం. అలాంటి కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మొదటి వందలో కొత్త కట్టడం కుదరదు. 1992 జూన్ 16కు ముందున్న ఇంటికి మరమ్మతు, పునరుద్ధరణకు మాత్రం అనుమతి అడగొచ్చు. తర్వాతి రెండువందల్లో కొత్తదీ కట్టొచ్చు, అనుమతి తీసుకోవాలి. అర్జీ రాష్ట్రానికి నియమించిన సమర్థాధికారికి, అక్కణ్నుంచి జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థకు పోతుంది. ఇంటి వయసు నిరూపించే పాత పన్ను రసీదులు, కరెంటు బిల్లు జతచేయండి, లేకపోతే అక్కడే ఆగుతుంది. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.