బండలు, టైల్స్, సింక్, కుళాయిలు... అన్నిటి మరకలకూ పనికొచ్చే ఒకే క్లీనర్ ఏది?

అలాంటిది లేదండి. ఉందని చెప్పేవాళ్లు దాన్ని అమ్మేవాళ్లయినా అయ్యుండాలి, వీడియోలు తీసేవాళ్లయినా అయ్యుండాలి. ఏం మరక అని అందరూ అడుగుతారు. దేని మీద పడిందని ఒక్కరూ అడగరు. నా గోలంతా దాని గురించే.

మా అత్తగారి ఇల్లు వికారాబాద్ వైపు. ఇల్లంతా తాండూరు బండలే. ఏళ్ల తరబడి తడిబట్టతో తుడిచి తుడిచి నున్నగా తేలినవి. మా మరిది పెళ్లికని ఇంటికి రంగులు వేయించారు. రంగులవాళ్లు కింద ఏమీ పరవలేదు. అదేంటో, ఏ ఊళ్లో అయినా ఇదే తంతు. పాత చీరలిస్తాం, గోనెసంచులిస్తాం, పని అయ్యేదాకా అవి మూలన మడత విప్పకుండా పడి ఉంటాయి. హాలంతా పుట్టీ చుక్కలు. నీళ్లు చల్లి నానబెట్టి గీకితే వచ్చేస్తాయని నేనంటే, మేస్త్రీ నవ్వి "అంతసేపు ఎందుకమ్మా, యాసిడ్ పోస్తే అద్దం లెక్క అయితది" అన్నాడు.

నేను లోపల పెళ్లి సామాను సర్దుకుంటుంటే బుస్సుమని చప్పుడు, వెనకే ముక్కు మండే ఘాటు. హాల్లోకి వచ్చి చూస్తే బండల మీద తెల్లగా నురగ పొంగుతోంది. మేస్త్రీ ముఖం వెలిగిపోతోంది. "చూడండమ్మా, మురికి ఎట్ల పొంగుతుందో!" చుట్టాలంతా నిజమేనని తలలూపుతున్నారు. మా అత్తగారు మాత్రం గడప దగ్గరే నిలబడి, "మురికి కాదు బిడ్డా, బండ ఉడుకుతుంది" అంది. ఆవిడ బడి ముఖం చూడలేదు. అంతమందిలో సంగతి అర్థమైంది మాత్రం ఆవిడకే.

కడిగి ఆరబెట్టాక చుక్కలైతే పోయాయి. కానీ యాసిడ్ పారిన మేరకు బండ పాలిపోయింది, కాలు పెడితే గరుకు తగిలింది. పెళ్లి రోజున జంపఖానాలు పరిచి కప్పేశాం. తర్వాత పాలిష్ మిషన్ పెట్టించక తప్పలేదు. ఆ దుమ్ము ఎన్నాళ్లు తుడుచుకున్నామో అడక్కండి.

విషయం ఏమిటంటే తాండూరు, షాబాద్, కడప, బేతంచెర్ల బండలన్నీ సున్నపురాయే. మార్బుల్‌దీ అదే కుటుంబం. ఇందులో ఉండే కాల్షియం కార్బొనేట్ మీద యాసిడ్ పడితే రాయే కరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ పైకి వస్తుంది. ఆ నురగ అదే. బోరు నీళ్లకి కుళాయిల మీద, బాత్రూం గోడల మీద కట్టే తెల్ల పొర కూడా చాలావరకు ఈ కాల్షియం కార్బొనేటే. అంటే ఒక చోట మనం వదిలించుకోవాలనుకునేదీ, ఇంకో చోట కాళ్ల కింద కాపాడుకోవాల్సిందీ ఒకటే పదార్థం. యాసిడ్ ఉండే టాయిలెట్ క్లీనర్ సీసాకి ఆ తేడా ఎలా తెలుస్తుంది? మనకి తెలియాలి. మీ ఇంట్లో ఏ రాయి ఉందో తెలియకపోతే, మంచం కిందో బీరువా వెనకో ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి. చిన్న బుడగలు వచ్చినా, ఆరాక మచ్చ కనిపించినా ఆ గదిలోకి యాసిడే కాదు, నిమ్మకాయ, వెనిగర్ కూడా రానివ్వకండి.

పూజగదుల్లో జరిగేది ఇదే. చింతపండుతో కుందులు తోమి, సరిగా కడక్కుండా మార్బుల్ గట్టు మీద పెట్టేస్తారు. కొన్నాళ్లకి గుండ్రటి మచ్చ కనబడితే నూనె జిడ్డనుకుని మళ్లీ నిమ్మచెక్కతో రుద్దుతారు. అది మరక కాదండీ, రాయి మీద మెరుపు పోయిన చోటు. ఎంత రుద్దితే అంత పెద్దదవుతుంది.

కుళాయిల మీది పొరకి మాత్రం నిమ్మరసం బాగా పనిచేస్తుంది. గుడ్డ ముక్కని తడిపి చుట్టి, కాసేపాగి తీసి కడిగేయండి. టాయిలెట్ క్లీనర్ వేశారంటే పైనున్న మెరుపు పూతే నల్లబడి లేచిపోతుంది. స్టీల్ సింకుకి సబ్బు, మెత్తటి పీచు చాలు. అందులో బ్లీచ్ పోసి వదిలేస్తే సన్నటి గుంటలు పడతాయి.

మిక్సీ మూత మీది పసుపు మరక సబ్బుతో తోమగానే ఎర్రబడిందని కంగారు పడకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే, క్షారం తగిలి రంగు మారింది. కడిగి మంచి ఎండలో పెట్టండి, వెలిసిపోతుంది. పైసా ఖర్చు లేదు కాబట్టి ఈ చిట్కా ఎవరికీ నచ్చదు.

ఇక ఆ వీడియోలు. వంటసోడాలో వెనిగర్ పోసి, పొంగగానే "అద్భుతం" అంటారు. సోడా, వెనిగర్ ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లలాంటి ద్రవం. నురగ చూస్తే మనవాళ్లకి ఎందుకంత నమ్మకమో! ఇదైనా డబ్బు దండగతో పోతుంది. టాయిలెట్ క్లీనర్‌లో బ్లీచింగ్ కలిపారంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపేసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఒకటి వాడి, బాగా నీళ్లు కొట్టి, ఆ పూటకి రెండోది ముట్టుకోకండి.

యాసిడ్ చిల్లర అమ్మకాల మీద 2013లోనే సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. కొన్నవాళ్ల పేరు, చిరునామా రాసుకోవాలి, 18 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదు. మా వీధిలోకి వచ్చే బండివాడు మాత్రం పాత కూల్‌డ్రింక్ సీసాల్లో నింపి, ఫినాయిల్ పక్కనే పెట్టి అమ్ముతాడు. దాని మీద లేబుల్ ఉండదు. పిల్లలున్న ఇళ్లవాళ్లు కూడా అది కొని సింకు కింద పెడతారు! అడిగితే "చవక కదా అక్కా" అంటారు.

ఇక వంటింటి గ్రానైట్ గట్టు సంగతి. అది సున్నపురాయి కాదు, అంత సులువుగా పాడవదు. పొయ్యి పక్కన నూనె ఇంకిన మచ్చ ఉంటే వంటసోడాని నీళ్లతో గట్టి ముద్దలా కలిపి, మచ్చ మీద మందంగా పట్టించి రాత్రంతా వదిలేయండి. ఆరేకొద్దీ అది నూనెని పీలుస్తుంది. పొద్దున తుడిచేయండి. పాత మరకైతే ఇంకో రాత్రి పెట్టాల్సి రావచ్చు.