రైలింజను గురించి రాయబోయే యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల బ్రిటిష్ ఆవిరి ఇంజన్ల గురించి తెలుగులో రాయడానికి పూనుకున్నందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఆ సంతోషంతోనే, ఇందులో మార్చవలసినవేమిటో దాపరికం లేకుండా చెబుతున్నాను.

నీవు 'సిటీ ఆఫ్ ట్రూరో' ఇంజనుతో మొదలుపెట్టి, అది 1904 మే 9న ప్లిమత్ నుంచి టపా బండిని లాగుతూ వెల్లింగ్టన్ వాలులో గంటకు 102.3 మైళ్ల వేగం అందుకుందని ఖాయంగా రాశావు. ఆ అంకె ఎలా పుట్టిందో పాఠకుడికి చెప్పాలి. బండిలో కూర్చున్న చార్లెస్ రౌస్-మార్టెన్ అనే పాత్రికేయుడు స్టాప్‌వాచీ పట్టుకుని, పట్టాల పక్కన పావుమైలుకొకటి చొప్పున ఉన్న గుర్తులను బట్టి వేగం లెక్కగట్టాడు. పావుమైలు 8.8 సెకన్లలో దాటితే 102.3 మైళ్ల వేగం వస్తుంది. అదే 9 సెకన్లయితే సరిగ్గా 100. సెకనులో అయిదో వంతు అటూ ఇటూ అయితే చాలు, రెండు మైళ్లకు పైగా తేడా వస్తుంది. అందుకే ఆ రికార్డు మీద వాదోపవాదాలు నేటికీ ఆగలేదు. అంకెను తీసేయనక్కరలేదు, దాని పక్కనే ఆ గడియారాన్నీ, దాన్ని నొక్కిన వేలినీ చూపించు.

నా అసలు అభ్యంతరం వేరే ఉంది. వేగానికి అన్ని పేజీలు ఇచ్చి, ఆ ఇంజను ఎందుకు అలా ఉందన్న ప్రశ్నను నీవు ముట్టుకోలేదు. 'సిటీ ఆఫ్ ట్రూరో' చెందిన సిటీ తరగతిలో పాతకాలపు చట్రం మీద కొత్త తరహా బాయిలర్ కూర్చుంది. ఆ బాయిలర్ జి. జె. చర్చ్‌వార్డ్‌ది. ఆయన 1902లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే స్విండన్ కర్మాగారంలో ఇంజన్ల విభాగానికి అధిపతి అయ్యాడు. అప్పటికే కారిడార్ పెట్టెలూ, భోజనశాల పెట్టెలూ చేరి బండ్లు బరువెక్కుతున్నాయి. నీ కథ అక్కడి నుంచి మొదలుకావాలని నా అభిప్రాయం.

ఆయన పని తీరులో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. ఒకే ఆవిరిని ముందు అధిక పీడన సిలిండర్లలోనూ, తర్వాత అల్ప పీడన సిలిండర్లలోనూ రెండు విడతలుగా వాడుకునే ఫ్రెంచి కాంపౌండ్ ఇంజన్ల గొప్పతనం గురించి అందరూ చెప్పుకుంటున్న రోజుల్లో, ఆయన 1903లో 'లా ఫ్రాన్స్' అనే ఇంజనును ఫ్రాన్సు నుంచే కొనుగోలు చేయించాడు. పోలిక న్యాయంగా ఉండాలని, తన 171వ నంబరు 'ఆల్బియన్' ఇంజనుకున్న ఆరు పెద్ద చక్రాలను నాలుగుకు తగ్గించి, బాయిలర్ పీడనం చదరపు అంగుళానికి 225 పౌండ్లు ఉండేలా చూసి, రెండింటినీ నడిపి చూశాడు. కాంపౌండ్ పద్ధతి వల్ల దాని చిక్కులకు తగినంత లాభం లేదని తేల్చుకున్నాడు. కానీ నాలుగు సిలిండర్ల శక్తిని రెండు ఇరుసులకు పంచే అమరికను మాత్రం అందులోంచి తీసుకున్నాడు. 1906లో వచ్చిన 'నార్త్ స్టార్' దాని ఫలితమే. అయితే కాంపౌండ్ పద్ధతి బ్రిటన్‌లో విఫలమైందని మాత్రం రాయకు. డెర్బీలో మిడ్‌లాండ్ రైల్వే కట్టిన మూడు సిలిండర్ల కాంపౌండ్లు దశాబ్దాల పాటు చక్కగా నడిచాయి.

ఇక సిలిండరులోకి ఆవిరిని వదిలి, ఆపే వాల్వు సంగతి. బండి వేగం అందుకున్నాక, పిస్టన్ తన దారిలో అయిదో వంతో నాలుగో వంతో కదలగానే ఆవిరి రాక ఆగిపోయేలా డ్రైవరు రివర్సరును, అంటే వాల్వు కదలికను మార్చే మీటను, సర్దుకుంటాడు. మిగిలిన దారంతా లోపల చిక్కిన ఆవిరే వ్యాకోచిస్తూ పిస్టన్‌ను నెడుతుంది. బొగ్గు ఆదా అయ్యేది అక్కడే. కానీ పాత ఇంజన్లలో చాలావాటిలో వాల్వు కదలిక పొట్టిది కావడంతో, అలా తొందరగా ఆపినప్పుడు ద్వారం సన్నని చీలిక మేరకే తెరుచుకునేది. ఆవిరి లోపలికి రావడానికీ ఇరుకే, వాడిన ఆవిరి బయటికి పోవడానికీ ఇరుకే. చర్చ్‌వార్డ్ వాల్వు అంచును వెడల్పు చేసి, దాని కదలికను పొడిగించాడు. బయట నిలబడి చూసేవాడికి కనిపించని ఈ మార్పును నీవు పాఠకుడికి కనిపించేలా రాయగలిగితే, మిగతా కొలతలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మన పాఠకులకు తెలిసిన ఇంజన్లు 5 అడుగుల 6 అంగుళాల బ్రాడ్‌గేజి మీద తిరిగినవి. బ్రిటన్ పట్టాల వెడల్పు 4 అడుగుల 8½ అంగుళాలేననీ, అక్కడి వంతెనలూ సొరంగాలూ ఇంజను ఎత్తునూ వెడల్పునూ గట్టిగా కట్టడి చేశాయనీ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగు.

నీవు వదిలేసిన 1925 నాటి పరీక్షలను తప్పకుండా చేర్చు. 'నార్త్ స్టార్'తో మొదలైన స్టార్ తరగతి నుంచి నేరుగా ఎదిగిన కాసిల్ తరగతికి చెందిన 'పెండెన్నిస్ కాసిల్'ను లండన్ కింగ్స్ క్రాస్‌కు తెచ్చి, లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే ఇంజనీరు నైజల్ గ్రెస్లీ రూపొందించిన, దానికంటే పెద్దవైన పసిఫిక్ (4-6-2 చక్రాల అమరిక) ఇంజన్లతో పోల్చి చూశారు. చిన్న ఇంజనే తక్కువ బొగ్గుతో వేళకు బండిని చేర్చింది. ఆ తర్వాత గ్రెస్లీ తన ఇంజన్ల వాల్వు కదలికను పొడిగించే ఏర్పాటు చేయించాడు, బొగ్గు ఖర్చు బాగా తగ్గింది. స్విండన్‌లో ఇరవై ఏళ్ల కిందటే నలిగిన విషయం గ్రెస్లీ ఇంజన్ల కర్మాగారమున్న డాంకాస్టర్‌కు చేరడానికి ఎందుకంత కాలం పట్టిందన్న ప్రశ్న చుట్టూ నీ వ్యాసాన్ని తిరగరాసి పంపు. వాల్వు బొమ్మ ఎక్కడి నుంచో తెచ్చి అతికించకుండా, తెరుచుకున్నప్పుడు ఒకటి, మూసుకున్నప్పుడు ఒకటి, నీ చేత్తోనే గీసి జతచెయ్యి.