పాఠకుల ప్రశ్నలు: నౌకకీ నౌకకీ పోరు

ప్రశ్న: అంతరిక్షంలో నౌకలు తలపడే నవలలు అడిగితే హైన్‌లైన్ ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ చదవమన్నారు. చదివాను, నౌకల పోరు దాదాపు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: 1959 నాటి ఆ నవల పదాతి సైనికుడి కథ. మంచి నవలే, కానీ అందులో నౌకల పని సైనికుల్ని గ్రహం మీదికి దించడం వరకే. మీరు జాక్ క్యాంప్‌బెల్ ‘లాస్ట్ ఫ్లీట్’ వరుసలో మొదటిదైన ‘డాంట్‌లెస్’ (2006) పట్టుకోండి. రచయిత అమెరికా నౌకాదళంలో అధికారిగా పనిచేశారు. ఆయన యుద్ధమంతా కాంతి వేగం చుట్టూ అల్లారు. శత్రువు 30 కాంతి నిమిషాల దూరంలో, అంటే కాంతి చేరడానికి అరగంట పట్టేంత దూరంలో ఉంటే, తెర మీద కనబడేది అరగంట కిందట వాడున్న చోటు. మీరు దారి మార్చిన సంగతి వాడికి తెలిసేసరికి ఇంకో అరగంట. ఎత్తుగడలన్నీ ఈ ఆలస్యంలోంచే పుడతాయి. సొంత నౌకలకిచ్చే ఆజ్ఞలూ ఆలస్యంగానే చేరతాయి కాబట్టి, ఏ క్షణంలో తిరగాలో ముందే చెప్పకపోతే వ్యూహం చెదురుతుంది. దళాలు ఎదురెదురుగా దాటిపోయేది రెప్పపాటులో. గురి చూసి కాల్చేది యంత్రాలే.

పోరు ఘట్టం రాగానే ఎన్ని కాంతి నిమిషాల దూరమో ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరికి ఎప్పుడు ఏం తెలిసిందన్న లెక్క తప్పితే ఆ ఘట్టం అర్థం కాదు. మొదటి ఆరు పుస్తకాలూ ఒకే కథ, వరస తప్పకుండా చదవాలి. పోరాటాల పోకడ ఒకేలా అనిపిస్తుంది గనక రెండేసి చదివి కాస్త ఆగడం మేలు.

ప్రశ్న: డేవిడ్ వెబర్ రాసిన అంతరిక్ష నౌకల నవల ‘ఆన్ బాసిలిస్క్ స్టేషన్’ సగంలో ఆగిపోయాను. వదిలేయనా?

జవాబు: వదలకండి. మొదటి సగంలో రాజకీయాలు, గస్తీ పనులు ఎక్కువ. చివర్లో శత్రు నౌక వెంట సాగే వేట వాటి మీదే నిలబడుతుంది. ఒక్క సంగతి పట్టుకుంటే చాలు. ఆ నౌకలకి పైనా కిందా ఏ ఆయుధమూ ఛేదించలేని గురుత్వ పట్టీలు, అంటే గురుత్వాకర్షణతో ఏర్పడే అడ్డుగోడలు, ఉంటాయి. పక్కల కవచం అంతకంటే బలహీనం. ముందూ వెనకా ఖాళీ. అందుకే దెబ్బ పడబోతుంటే నౌకని పొర్లించి పట్టీని అడ్డుపెడతారు. తేలిగ్గా చంపాలంటే శత్రు నౌక ముందుకో వెనక్కో చేరాలి. తెరచాప ఓడల కాలపు పోరే ఇది. వేట మధ్యలో అంతరిక్షయానం గురించి సుదీర్ఘ వివరణ ఒకటి వచ్చి ఊపు తెగ్గొడుతుంది. దాన్ని దాటేసి, వేట ముగిశాక వెనక్కొచ్చి చదవండి.

ప్రశ్న: యుద్ధం మనిషిని ఏం చేస్తుందో చెప్పే నవల ఏది?

జవాబు: వియత్నాంలో పోరాడి వచ్చిన జో హాల్డెమన్ రాసిన ‘ఫరెవర్ వార్’ (1974). కాంతి వేగానికి దగ్గరగా ప్రయాణిస్తే కాలం నెమ్మదిస్తుంది కాబట్టి సైనికుడికి గడిచేది కొన్నేళ్లే, ఇంటి దగ్గర శతాబ్దాలు దొర్లిపోతాయి. మరీ నిరాశగా ఉందని మొదట పక్కనపెట్టిన మధ్యభాగాన్ని తర్వాతి ముద్రణల్లో తిరిగి చేర్చారు. కొనేముందు రచయిత ముందుమాట తిరగేసి, మీ చేతిలో ఉన్నది ఆ ప్రతేనా అని చూసుకోండి.