ఈనిన గేదె కూలబడింది.. టవర్ రేడియేషనే కారణమా?

ప్రశ్న: మా పశువుల సావిడి పక్కనే సెల్ టవర్ వేశారు. ఐదో ఈత ముర్రా గేదె ఈనిన మర్నాడే కాళ్లు వణికి కూలబడింది. మెడ డొక్కవైపు తిప్పుకుని పడుకుంది, లేవడం లేదు. రేడియేషన్‌కు నరాలు చచ్చుబడ్డాయని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, రాజోలు మండలం, కోనసీమ

జవాబు: ముందు గేదె సంగతి చూద్దామండి. మీరు చెప్పినవన్నీ పాలజ్వరం లక్షణాలు. పేరుకే జ్వరం, ఒళ్లు మాత్రం చల్లబడుతుంది. చెవులు పట్టుకుంటే తెలుస్తుంది. డాక్టరు గారికి ఇంకా చూపించకపోతే వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

ఈనగానే జున్నుపాలలోకి కాల్షియం లీటరుకు 2 గ్రాముల దాకా పోతుంది. ఎముకల్లోది కరిగి రక్తంలోకి రావడానికి టైం పడుతుంది. నరం నుంచి కండరానికి కబురు అందాలంటే కాల్షియం ఉండాలి. తగ్గడం మొదలవగానే వణుకు వస్తుంది, మరీ తగ్గితే కండరాలు సడలి పశువు పడిపోతుంది. అంతేగానీ నరాలు చెడిపోలేదు. అందుకే సకాలంలో కాల్షియం బోరోగ్లూకోనేట్ ఎక్కిస్తే చాలా పశువులు కొద్ది గంటల్లోనే లేస్తాయి. దీన్ని రక్తనాళంలోకి నెమ్మదిగా ఎక్కించాలి, తొందరపడితే గుండె ఆగుతుంది. కాబట్టి సొంతంగా ప్రయత్నించొద్దు. డాక్టరు వచ్చేలోగా గడ్డి మోపులు ఆనించి బోర్లా కూర్చోబెట్టండి. మింగే శక్తి ఉండదు కాబట్టి నోట్లో నూనె, మందు ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేచాక రెండు రోజులు పొదుగు పూర్తిగా పిండొద్దు.

మన డెల్టాలో మేత అంటే వరిగడ్డే. అందులో కాల్షియం తక్కువ, పైగా అందులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు ఆ ఉన్న కాస్తా ఒంటబట్టనివ్వవు. పాడి పశువుకు రోజూ ఖనిజ లవణ మిశ్రమం పెట్టాలి. అయితే ఈనడానికి ముందు నెలలో కాల్షియం టానిక్కులు పట్టడం మంచిది కాదు. ఎముకల్లోంచి తీసుకునే పని ఒంటికి అలవాటు తప్పి, ఈనాక ఇదే గతి పడుతుంది.

ఇక టవర్. దాని తరంగాలకు ఎక్స్‌రే, గామా కిరణాల్లా కణాల్లోని అణువులను చీల్చే శక్తి లేదు. మన దేశంలో 2012 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే అనుమతిస్తున్నారు. అసలు గామా కిరణాలు తగిలినా ముందు దెబ్బతినేవి ఎముక మజ్జ, పేగుల పొర, అంటే త్వరగా విభజన చెందే కణాలు. నరాలు, కండరాల కణాలు అంత తేలిగ్గా లొంగవు. 1945లో అమెరికా న్యూమెక్సికోలో తొలి అణుపరీక్ష బూడిద పడిన ఆవులకు వీపుల మీద చర్మం కాలింది, వెంట్రుకలు తెల్లబడ్డాయి.

టవర్ దగ్గర నేను అనుమానించేది కరెంటు లీకేజీని. తొట్టి దగ్గర నీళ్లు తాగబోయి పశువులు ఉలిక్కిపడి వెనక్కి తగ్గుతుంటే లైన్‌మన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి.